రెండు గోతాలు

యార్డుకి వేసవి సెలవులు.
చుట్టుగుంట రోడ్డు మీద ఒక్క లారీ హారన్ లేదు.
అయినా కీబోర్డు బోర్లించి దులిపితే
తేజ గింజ ఒకటి రాలింది.

ఇరవై రెండేళ్లుగా షావుకారి లెక్కలు రాస్తున్నాను,
నావి ఎప్పుడూ రాసుకోలేదు.
ఈ మే నెలలో, బ్రాడీపేట మేడమీద గదిలో,
కూలర్ ముందు కూచుని
కంప్యూటర్లో నాకంటూ ఒక చిట్టా తెరిచాను.

జీతం, అద్దె, గ్యాసుబండ, చీటీపాట
వాటి వాటి గళ్లలో బుద్ధిగా కూచున్నాయి.
డెబ్భై రూపాయల డివిడెండు దగ్గర
పంచాయితీ మొదలైంది.

బ్యాంకులో జమ, సరే.
ఎక్కడి నుంచి? అంటుంది సాఫ్ట్‌వేర్.
రెండో గడి నింపందే కదలదు,
మా షావుకారికంటే మొండి.
'ఆదాయం' అని కొట్టాను.
దానికి సరిపోయింది.
నాకే సరిపోలేదు.

ఆ ఇరవై షేర్లు నావి కావు.
కాటా దరియావలివి.

పాన్ కార్డు లేదు, డీమ్యాట్ అంటే
ఏ ఊరి బస్సో అనుకునే మనిషి.
ఆరేళ్ల కిందట ఒక మధ్యాహ్నం
ఎనిమిది అయిదువందల నోట్లు నా బల్ల మీద పెట్టాడు.
లెక్కపెట్టిన వేళ్లతోనే కళ్లు నులుముకుని
ఆ పూటంతా ఏడ్చాను, మిరప ఘాటుకి.

"గుమాస్తమ్మా, కాయ ఎండేకొద్దీ తూకం తగ్గుద్ది.
నా చేతిలో డబ్బూ అంతే.
ఎండినా తరగందేదన్నా ఉంటే దాంట్లో పెట్టండి."

అలాంటిది లేదని చెప్పాల్సింది.
చెప్పలేదు. నా పేరున కొన్నాను.

పన్నులవాళ్ల లెక్కలో అవి నావే,
డీమ్యాట్ కాగితంలోనూ నావే.
ఈ ఒక్క పుస్తకంలోనే
ఎవరివో రాయడానికి చోటుంది.
ఆదాయం కొట్టేసి, బాకీల కింద
కొత్త పద్దు తెరిచాను: దరియావలి.
డెబ్భై వెళ్లి అందులో పడింది.

తరువాత బోనస్. ఒకటికి ఒకటి.
ఇరవై, నలభై అయ్యాయి.
పైసా రాలేదు, పైసా పోలేదు.
ధర ఎంత? అంది. సున్నా.
సున్నాకి ఎవరమ్ముతారన్నట్టు ఎర్రగీత గీసింది.
రెండు గంటలు దానితో వాదించి
చివరికి ఫోన్ చేశాను,
కరెంటు కాటాలొచ్చాక ఏటుకూరు రోడ్డులో
టైర్ల కొట్టుకి మారిన మనిషికి.

విషయమంతా విన్నాడు.
"ఒక టిక్కీ కాయలు రెండు గోతాల్లో పోశారు. అంతేగా?"
"అంతే."
"ముల్లు కదలదు."
"కదలదు."
"మరి మనకొచ్చిందేంది?"
"గోతం."
టైరులో గాలి పోతున్నట్టు
చాలాసేపు నవ్వాడు.

అప్పుడు కొనుగోలు గడి వదిలేసి
సంఖ్య ఒక్కటే పెంచాను.
నాలుగు వేలు నాలుగు వేలుగానే ఉంది,
ఒక్కోటి రెండు వందలది వందయింది.
ముల్లు కదల్లేదు.

ఆపైన ఎనభై నాలుగు, మళ్లీ ఎనభై నాలుగు,
ఒక ఏడు ఏమీ లేదు, తాలు ఏడు.
మొదటి డెబ్భై రూపాయలు ఇవ్వబోతే
టీలు చెప్పి, వాటికీ తనే ఇచ్చి,
"మీ పుస్తకంలోనే ఉండనీండి,
నా జేబులో తరుగుద్ది" అన్నాడు.
ఆ టీ ఏ పద్దులో రాయాలో
ఇప్పటికీ తేలలేదు.

ఇవాళ్టి రేటు లాక్కొచ్చి చూపిస్తోంది:
పదకొండు వేల రెండు వందలు,
పైన ఇన్నేళ్ల డివిడెండ్లు.
అంతా నేను ఇవ్వాల్సింది కనుక
దరియావలి పేరు పక్కన ఎర్రటి అంకె.
ఎరుపు చూసి గుంటూర్లో ఎవరు బెదురుతారు?
కాయ తెల్లబడితేనే మాకు బెంగ.

సేవ్ నొక్కబోతే తుమ్మొచ్చింది.
ఒక్కటే తుమ్ము.
చెయ్యి వెనక్కి తీసుకుని
లేచి, కుండలో నీళ్లు తాగి,
మళ్లీ కూచుని నొక్కాను.